మునెప్ప కెమెరా యాల మార్చినాడు

నేను కెమెరా మార్చింది బరువు మోయలేక అంటాడేందప్పా ఈ రఫీకు! పుంగనూరులో ముప్పై ఏండ్లు స్టూడియో నడిపినోణ్ణి, మదనపల్లె నుంచి వచ్చి నాకే ఫోటోలు నేర్పిస్తాండాడు. బరువూ కాదు, ఫోకసు కుదరకా కాదు. నా పెండ్లాము కౌసల్య పోయి నెల తిరక్కముందే, ఐదు లెన్సులు, ఫ్లాషులు అన్నీ అమ్మేసి, అవేవీ సరిపోని ఈ వేరే కంపెనీ కెమెరా ఎత్తుకున్నానంటే దానికి పెద్ద కారణమే ఉండాది. ఇమాం భాయ్, ఇంకో టీ పోయి, చెప్తా.

పాతదాని సద్దప్పా. నొక్కితే టక్కుమనేది. చౌడేపల్లెలో పెండ్లి, గ్రూపు ఫోటోకు డెబ్బైమంది. ఒకాయన కునుకు తీస్తాండాడు, ఒకామె కొంగు సర్దుకుంటాండాది. ఒక్క టక్కు. డెబ్బైమందీ నా పక్కే సూసినారు.

"మా కెమెరాకూ సూస్తారు లేన్నా," అన్నాడు రఫీకు.

ఉండప్పా, అది చిన్నది. పలమనేరు కాడ మామిడితోట ఓనర్ని చెట్టు కింద నిలబెట్టి టక్కుమనిపిస్తే, ఆ చెట్టు కాయలన్నీ రాలినాయి, పక్క చెట్లవీ రాలినాయి, కోతకొచ్చిన కూలోళ్ళు ఊరికే ఎనక్కి పోయినారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కుప్పం స్టేషన్లో పెండ్లికొడుకును తీస్తాంటే, బెంగుళూరుకు పోయే రైలు, ఆడ నిలబడేదే కాదు, సద్దు ఇని నిలిచిపోయింది. డ్రైవరు దిగొచ్చి తల దువ్వుకొని, "నన్నూ ఒకటి తియ్యన్నా" అన్నాడు.

"టికెట్ కలెక్టరు రాలేదా?" అన్నాడు రఫీకు.

వచ్చినాడు, నల్లకోటు గుండీలు పెట్టుకుంటా. నవ్వద్దండి, వి.కోటలో జరిగింది ఇనండి. ఒక పెద్దాయన పోయినాడు. మన పక్క అలవాటే గదా, కుర్చీలో కూర్సోబెట్టి, మాల ఏసి, ఎత్తే ముందర కడపటి ఫోటో తియ్యమన్నారు. టక్కుమనిపించినా. పెద్దాయన కండ్లు తెరిసి, మాల సర్దుకొని, "బాగా వచ్చిందా మునెప్పా?" అన్నాడు. తప్పెటోళ్ళకు టీలిచ్చి పంపించేసినారు. ఇంగ ఆ కెమెరాతో తిరిగితే శ్మశానాలకు పని లేకుండా పోతాదని అమ్మేసినా.

మునెప్ప చెప్పేది అయిపోయినా ఎవురూ నవ్వలేదు. టీ అంగడి ఇమాముద్దీన్ గ్లాసులు కడిగేది ఆపినాడు.

"మునెప్పా, ఆ సద్దుకు సచ్చినోళ్ళు లేస్తే, కౌసల్యమ్మ యాల లేయలేదప్పా?" అన్నాడు మెల్లిగా. "ఆమెను కుర్చీలో కూర్సోబెట్టి ఒక్క ఫోటో తియ్యమంటే, నొక్కతానే ఉంటివి. బ్యాటరీ అయిపోయేదాకా. నీ చేతిలోంచి కెమెరా పెరుక్కొనింది నేనే గదా."

మునెప్ప గ్లాసు కింద పెట్టినాడు.

"మంచాన పడిన నాలుగు నెలలూ, భాయ్, ఎంత నొప్పిలో ఉన్నా ఆ సద్దు ఇంటే నా పక్క తిరిగి సూసేది. ఆ పొద్దు గూడా ఒక్కసారి సూస్తాదేమో అనుకుంటి. ఇంగ ఆ సద్దు నేను ఇనలేను. ఈ కొత్తదానికి సద్దు లేదు. ఎవురూ తిరిగి సూడకపోయినా, ఇనబడలేదులే అనుకోవచ్చు."