జెట్‌స్కీ జాలీ, చిలకపచ్చ చీరా

ఆ గిన్నె ఏం పాపం జేసిందే హసీనా? దాన్నట్ల ఎత్తేసి కొడ్తాండావు! కొట్టాలంటే నన్ను కొట్టు. ఈడనే ఉండా గదా, నీ ముందరే, స్టూలేసుకోని.

మాట్లాడవు. సరే. మొన్నట్నించి నువ్వు మూగనోము పట్టితివి, గిన్నెలే మాట్లాడ్తాండాయి. పెద్ద గిన్నె మోగితే ‘తిను’ అని. చిన్న గిన్నె మోగితే ‘చావు’ అని. ధర్మవరమంటే మగ్గాల చప్పుడంటారు గానీ, మన ఈదిలో నీ చప్పుడుకు మగ్గాలు సిగ్గుపడి నిల్చిపోయినాయి.

చీర పోయింది. నేను కాదన్లే. మీ చెల్లెలు సమీనా నిఖాకు నువ్వు కట్టుకోవాలని బీరువాలో దాచుకున్న చిలకపచ్చ పట్టుచీర. నిన్నడక్కుండా ఎత్తకపోయింది నేనే. కానీ ఎట్ల పోయిందో ఇనవా? ఊర్లో ఒక్కొక్కరు ఒక్కో మాదిరి చెప్తాండారు. కూరగాయల చౌడక్క అయితే, ‘మీ ఆయన చీర కట్టుకోని నీళ్లల్లో దూకినాడంట గదమ్మా’ అనిందంట! నా నోట ఒక్కసారి ఇను. ఆమీట ఆ గిన్నె నా నెత్తినే ఎయ్యి.

హిందూపురం హరిప్రసాద్ తెల్సు గదా? ప్లాట్ల యాపారం. వాళ్ల నాయన డీజిలింజను నేనే బాగుజేస్తాంటి. ఆయప్ప గోవాకు పోయి, ఆడ నీళ్ల మీద తోలే జెట్‌స్కీ ఎక్కి, దిగేకి మనసు రాక, పాతది ఒగటి కొనుక్కోనే వచ్చినాడు. తాడిమర్రి అవతల రిజర్వాయర్లో ఏసి, జనాల్ని తిప్పుదామని. హిందూపురం మెకానిక్కులు చూసి ‘ఇది బైకు గాదు, మాకు రాదు’ అన్నారంట. పెనుకొండలో చూసి ‘ఇది పడవ గాదు, మాకు రాదు’ అన్నారంట. అప్పుడు నా కాడికి వచ్చి, ‘బాషా, దీంట్లో ఇంజనూ ఉండాది, నీళ్లూ ఉండాయి. బోరు మోటార్లు చూసేటోనివి, రెండూ నీకు తెల్సినవే’ అన్నాడు.

కాదని ఎట్లంటా?

అదేం యవ్వారమంటే, దానికి ఫ్యాను బయట కనపడదు. కడుపు కింద ఒగ బొక్క. ఆడ నీళ్లు పీల్చి, ఎనకాల పిచికారీ మాదిరి జిమ్ముతాది. ఆ జిమ్ముడుకే ముందుకు దూకుతాది. బొక్కకు అడ్డం ఒగ ఇనప జాలి ఉంటాది, రాళ్లూ రప్పలూ లోపలికి పోకుండా. ఈయప్ప బండికి ఆ జాలి యాడనో రాయికి కొట్టుకోని వంకరబోయింది. అల మీద ఎగిరితే చాలు, నీళ్లకు బదులు గాలి పీల్చేది. ఇంజను గయ్యిమని అరిచేది, బండి ఉన్న కాడనే ఉండేది. అచ్చం మీ మేనమామ మాదిరి. అరుపే గానీ అడుగు కదల్దు.

సరే, సరే! చెంబు కింద పెట్టు. మీ మేనమామ ఊసెత్తను.

కొత్త జాలి తెప్పిద్దామని ఫోన్లో చూస్తే, యా అల్లా, ఒగటా రెండా! ఒగ రకానికి కడ్డీలు పొడుగ్గా, నున్నగా, దగ్గర దగ్గరగా ఉంటాయి. నాచు తగిలినా జారిపోతాది. కానీ నీళ్లు అణిగిమణిగి వస్తాయి, పరుగు తక్కువ. ఇంగొగ రకానికి కడ్డీలు ఎడం ఎడంగా ఉండి, నడాన చాట మాదిరి రెక్క కిందికి వంగుంటాది. అది నీళ్లను ఎత్తి ఎత్తి లోపలికి తోస్తాది. అలల మీద గూడ బండి నీళ్లకు కరుచుకోని పోతాది. కానీ నాచు గానీ, తాడు గానీ, గుడ్డ గానీ, ఏదొచ్చినా ‘రా నాయనా’ అని పిల్చి కూసోబెట్టుకుంటాది.

ఇన్ని చూసినాక చెన్నైలో అమ్మేటోడు ఏమన్నాడు? ‘బండి బండికీ అడుగుభాగం వేరే సార్, వంపు చూడకుండా ఏసుకుంటే ఉన్న పరుగు గూడ పోతాది’ అన్నాడు. వంపు ఎట్ల చూపించాల వానికి? టేపు వంగదు. అట్ట నిలబడదు. అందుకే ఆపొద్దు నీ చపాతీ పిండి మాయమైంది. పిల్లి తినిందని చెప్తి. పిల్లి పచ్చిపిండి తింటాదా? నువ్వు నమ్మలేదు, నాకు తెల్సు. ముద్ద మొత్తం ఆ బొక్కలోకి అదిమి, అచ్చు తీసి, ఫోటో పంపిస్తి. వాడు ‘సార్, మీరేం చదువుకున్నారు?’ అని అడిగినాడే! నేను ఫోన్ కట్ చేస్తి.

ఏది తెప్పించాల? ఆ నీళ్ల గట్టెమ్మడి నాచు ఉండాది, బుద్ధి ఉన్నోడైతే నున్న కడ్డీలదే తెప్పిస్తాడు. కానీ ఆడికి ఓబుళప్ప వచ్చి చేరె.

ఓబుళప్ప ఎవురంటే, హరిప్రసాద్ పెండ్లాము రేఖ ఉండాది గదా, ఆమెకు అన్న. పెనుకొండాయన. బావా బామ్మర్దులకు మాటల్లేవు. గృహప్రవేశం ఫ్లెక్సీలో తన ఫోటో తాంబూలం పళ్లెం కన్నా చిన్నగా ఏసినారని కోపం. బావ జెట్‌స్కీ తెచ్చినాడని ఇనింది ఆలస్యం, తానూ ఒగటి తెచ్చి అదే గట్టున దించినాడు. ఎక్కే జనమే తక్కువ, దాంట్లో రెండు బండ్లా? గట్టు మీద పెద్దమనుషులు చెప్పిరి: ‘పందెం పెట్టుకోండప్పా. నడాన దిబ్బ చుట్టి ముందర ఎవురొస్తే వాళ్ల బండి ఈడ ఉంటాది. ఓడినోడు తన బండి ట్రాక్టరుకెక్కించుకోని పోవల్ల.’

హరిప్రసాద్ ఓడితే నా పని గూడ పోతాది. అది ఒగటి. ఇంగొగటి చెప్తే నువ్వు నవ్వుతావు. ఆయప్ప అందరి ముందర నన్ను ‘ఇంజనీరు గారూ’ అని పిల్చినాడు. నన్నెవురే ఎప్పుడన్నా అట్ల పిల్చింది? బోరు బాషా, మోపెడ్ బాషా. నువ్వు గూడ ‘ఇదో’ అనే గదా పిలుస్తావు.

చాట జాలే తెప్పిస్తి. పార్సిలు పెనుకొండలో దిగితే పోయి, బస్సులో ఒళ్లో పెట్టుకోని తెస్తి. పక్కనామె ‘బిడ్డకు గాలాడనీప్పా’ అనింది, అంత భద్రంగా పట్టుకోనుంటి.

పందెం పొద్దు వచ్చె. రేఖమ్మ బండికి పూజ చెయ్యల్ల అనె. గంగమ్మ మీద పోయే బండి, పట్టుగుడ్డ కప్పి కొబ్బరికాయ కొట్టల్ల అని. తెచ్చిన గుడ్డ హిందూపురంలోనే మర్సిపోయినారు. అందరూ మొకాలు చూసుకుంటాంటే, నా నోరు ఊరికే ఉండల్ల గదా? ‘మాది ధర్మవరం, పట్టుకు కరువా’ అంటి. నా మోపెడెక్కి ఇంటికొస్తే నువ్వు సమీనా ఇంట్లో ఉంటివి. బీరువా తీస్తి. పైన ఉన్నింది అదే. సాయంత్రానికి తెచ్చి పెడ్తాములే అనుకుంటి.

పూజ అయినాక తీసుకుందామని చెయ్యి పెడ్తి. దేవుని మీద ఒట్టు. హరిప్రసాద్ నా చెయ్యి పట్టుకోని, ‘ఉండనీ ఇంజనీరు గారూ, ఎనకాల జెండా మాదిరి ఎగరనీ, శుభం’ అని సీటు పట్టీకి ముడేసినాడు. మళ్లా ఆ మాటే అన్నాడే! చెయ్యి ఎనక్కి తీసుకుంటి.

గొర్రెల గంగన్న ఈల ఊదినాడు. రెండు బండ్లూ లేసినాయి. హసీనా, మన బండి! అబ్బబ్బా, ఎట్ల పోయిందంటావు! అల మీద అల తొక్కుకుంటా, ముక్కు పైకెత్తకుండా, నీళ్లను కరుచుకోని... ఓబుళప్ప ఎనకబడె. జనాలు ఈలలు. దిబ్బ కాడ హరిప్రసాద్ మలుపు తిప్పినాడు. ముడి ఊడింది. చీర నీళ్లల్లో పడింది. ఆ పెద్దమనిషి అట్లనే ముందుకు పోతే ఏమైతాది? ‘అయ్యో చీర’ అని ఎనక్కి తిప్పి, సరీగా దాని మీదికే బండిని తోలినాడు.

నున్న కడ్డీల జాలి అయ్యుంటే చీర అడుగున అతుక్కోని ఆగిపోయేది. ఇది చాట గదా. కొంగు పట్టుకోని లోపలికి లాక్కునింది. బండి టక్కుమని నిల్చిపోయె.

ఓబుళప్ప గెలిచేదే ఇంగ. నేరుగా వచ్చేయచ్చు. రాలే! బావ నీళ్లల్లో నిల్చిపోయినాడని చూసి, గట్టున చెల్లెలు గుండెలు బాదుకుంటాదని చూసి, దగ్గరికి పోయినాడు. పోయినోడు దూరంగా ఆగచ్చు గదా? చీర రెండో కొస నీళ్లల్లో తేల్తాండాది. ఆయప్ప బండీ దాన్ని మింగింది.

ఏం చూస్తావు, నిజం! బావ బండి కడుపులో నీ కొంగు, బామ్మర్ది బండి కడుపులో నీ అంచు. రెండు బండ్లూ ఒగ చీరకు కట్టేసిన ఎద్దుల మాదిరి నడినీళ్లల్లో నిల్చిపోయినాయి. చేపల బాలప్ప పుట్టేసుకోని బయల్దేరినాడు. గుండ్రటి పుట్టి తెల్సు గదా, తిరిగేదే గానీ ముందుకు పోయేది తక్కువ. ఆ పుట్టి పొయ్యేసరికి వాళ్లు ఈపుకు ఈపు పెట్టి కూసోనుండిరంట. ఎండ మంట. ఉన్నట్టుండి ఓబుళప్ప, ‘ఏం బావా, గృహప్రవేశానికి రవికె గుడ్డ గూడ పెట్టకపోతివి, ఈపొద్దు పట్టుచీరే పెట్టి కట్టేసుకుంటివే’ అన్నాడంట. అంతే. ఇద్దరూ పడీ పడీ నవ్వినారంట. ఆ నవ్వు గట్టుకు ఇనపడింది. రేఖమ్మ కొంగు నోట్లో కుక్కుకోని ఏడ్సింది.

ఇంగ పందెం లేదు, ట్రాక్టరు లేదు. రెండు బండ్లూ ఆడనే ఉంటాయి, ఇద్దరూ కల్సి నడుపుతారు. రెండిట్నీ చూసుకునేది నేనే. బోల్టులు ఇప్పి చూస్తే ఇంగో తమాషా: ఓబుళప్ప బండికీ అదే చాట జాలి. ఆ చెన్నై పుణ్యాత్ముడు ఇద్దరికీ ‘ఇదొక్కటే మిగిలింది సార్’ అని అమ్మినాడు!

చీర మాత్రం... నడిమికి చినిగిపోయె, ఒగొగ బండి నుంచి ఒగొగ సగం తీస్తి. సబ్బేసి ఉతికి మిద్దె మీద ఆరేస్తే, నువ్వు తువ్వాళ్లనుకోని మడత పెట్టేకి పోతివి. ఆడ నిల్చిపోతివి చూడు, ఆ నిల్చుకున్నది నేను కిందినుంచి చూస్తాంటి.

వాళ్లిద్దరూ నిన్న పోటీ పడి చెరొక చీర తెచ్చినారు. నువ్వు ముట్టుకోలే. నేను గూడ ముట్టుకోమని అన్లే. మీ అమ్మ మగ్గం కాడ నిల్చుకోని, ఈ పచ్చ గాదు, ఇంగా లేతది అని దారం ఎంచి నేయించిన చీర అది. ఆ పచ్చ ఎంచేకి ఇప్పుడు ఆమె లేదు. నాకు తెల్వదా?

ఒగటి మాత్రం ఎవురికీ చెప్పలే. నీకు చెప్తాండా. ఆ చీర లోపలికి పోతాంటే గట్టు మీదినుంచి నేను చూసినా. పచ్చగా ఏందో సర్రున పోయింది. నాచు అనుకున్యా హసీనా. నాచును గూడ మింగుతాండాదే, ఎంత మంచి జాలి తెచ్చినానే అని, అందరి ముందర చప్పట్లు కొట్టినా. నా చేత్తో ఏసింది అట్ల పరిగెత్తడం నేను ఎప్పుడూ చూడలే. ఆ ఒక్క గడియ మీ అమ్మ గుర్తురాలే, చీర గుర్తురాలే, నువ్వు గుర్తురాలే.

అటు తిరిగితివేమే? భుజాలు ఊగుతాండాయి. నవ్వుతాండావా? ఏడుస్తాండావా?

ఓహో, ఎర్రగడ్డలు కోస్తాండావా. సరే. ఆ కత్తిపీట ఇట్ల జరుపు, నేనూ నాలుగు కోస్తా. ఇద్దరి కండ్లల్లో నీళ్లొచ్చినా తప్పు ఎర్రగడ్డల మీదికే పోతాది.