అతుకు కనబడని రొట్టె

వనపర్తిలో బిడ్డ కొత్తగా పెట్టిన ఎల్ సాల్వడార్ దేశపు రొట్టెల హోటల్‌కు మొదటి గిరాకీగా ఒకామె వచ్చింది. ఆమె రొట్టె తుంచి లోపలికి తేరిపార చూస్తుంటే, వడ్డించిన తల్లి పరుగున వచ్చింది.

"ఏమైందక్కా, వెంట్రుక గిట్ల వచ్చిందా?"

"లేదు చెల్లె."

"కడుపుల తిప్పుతుందా? దవాఖానకు పోదమా?"

"ఇంక నోట్లనే పెట్టలే! మక్క రొట్టెనే కదా ఇది?"

"మక్కదే. లోపల చిక్కుడు గింజలు, చీజు. ఆ దేశంల గిట్లనే తింటరంట. బాగలేదంటే చెప్పు, ఇయ్యాల్నే షట్టర్ దించమంట. మంచి నౌకరి ఇడిసి ఈ హోటల్ పెట్టింది నా బిడ్డ."

"ముప్పై ఏండ్ల సంది రొట్టెలు చేస్తున్న. గింజలు లోపలికెట్ల పోయినయ్? అతుకే కనబడ్తలేదు."

ఆమె ముక్క నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలింది.

"ఇంకోటి కావాలె."

"తెస్త, కూసో."

"తెచ్చుడు కాదు. నీ బిడ్డ చేస్తుంటె పక్కన నిలబడి చూస్త."

"చూసి, నేర్చుకోని, ఎదురుంగ నువ్వు గూడ హోటల్ పెడ్తవా ఏందక్కా?"