వెల్లుల్లి వాసన ఆగేదాకా

చావుకని నల్లబట్టలు, ఎర్రబట్టలు కట్టుకొచ్చిన నా జనమా, ఆఫియా దుఫియే వేయించిన బంగారం మీలో ఎవరి ఒంటిమీద లేదు? చేతులెత్తండి, చూస్తాను.

ఎవరూ ఎత్తరు. ఆమె శవపెట్టె దగ్గర మాత్రం బాగా ఏడ్చారు. ఏడ్చినవాళ్లకు వందనం. ఆమెను చంపింది కూడా మీరే. మీతోపాటు మీ పాస్టరునైన నేను.

మన కొండరాయి మొండిది. పిండి చేసినా పాదరసానికి బంగారం వదలదు. ముందు పెనం మీద వేయించి, లోపలి పాషాణ విషాన్ని పొగగా వెళ్లగొట్టాలి. ఆ పొగ వెల్లుల్లి వాసన వేస్తుంది. వాసన ఆగిందంటే పొడి సిద్ధం. అందుకే మంచి ముక్కున్న మనిషిని పొయ్యి దగ్గర కూర్చోబెడతాం. దుఫియే పదకొండేళ్లు కూర్చుంది. ఓ ఆదివారం గంధకం మండే నరకం గురించి నేను ఇక్కడ గొంతు చించుకుంటుంటే, ముందు వరసలోంచి, "అన్నా, ఆ వాసన నాకు అలవాటే, ఇంకేదైనా చెప్పి భయపెట్టు" అంది. అందరం నవ్వాం. నవ్వామా లేదా?

తర్వాత ఆమె ముక్కు చచ్చింది. ఎండుచేప మాడినా తెలిసేది కాదు. పని పోతుందని దాచింది. చిటికెడు పొడి నాలుక మీద వేసుకుని, వేగిందో లేదో చెప్పేది. రాయి పిండిచేసే మర యజమాని బెదియాకో అది చూశాడు. "ముక్కు పోతేనేం అక్కా, నాలుక ఉందిగా" అన్నాడు. ఆమె అరచేతుల్లో నల్లటి కాయలు లేచాయి. మనం పెట్టిన పేరేమిటి? ఉప్పు చూసే పిన్ని. మరి నేను? కొత్త సంవత్సరం నాడు వెళ్లి ఆ పొయ్యిని దీవించి వచ్చాను.

బైబిల్లో బంగారు దూడను చేసిన అహరోను మోషేకి ఏం సాకు చెప్పాడో మరిచారా? నేను బంగారం నిప్పులో వేశానంతే, దూడ దానంతటదే బయటికొచ్చింది అన్నాడు. మన సాకు జ్వరం. కుమాసి పట్నం డాక్టరు మాత్రం చావుకు కారణం పాషాణమని రాసిచ్చాడు. బెదియాకో, తల దించుకోకు, నన్ను చూడు.

ఇంతకీ ఆమె చెల్లెలు పొమా ఏది? అక్క శవం ఇక్కడుంటే పెట్టె పక్కన ఆమె కుర్చీ ఎందుకు ఖాళీగా ఉంది? పొద్దున్నే మరవాళ్లు ఆమెను తీసుకెళ్లి అదే పొయ్యి దగ్గర కూర్చోబెట్టారు. ఎక్కించిన పెనం మధ్యలో దించితే పొడి పాడవుతుందట. ఆమె ముక్కు ఇంకా చక్కగా పనిచేస్తోందట.

లేవండి. దుఫియే కోసం మౌనంగా నిలబడదాం. కానీ ఇక్కడ కాదు. భోజనాల వైపు ఒక్కరూ తిరగొద్దు. తలో బిందెడు నీళ్లు పట్టుకుని, నోరు మూసుకుని నా వెనక రండి. పొమాను లేపి బయటికి పంపి, పొయ్యి ఆర్పి, బూడిద చల్లబడేదాకా అక్కడే నిలబడదాం. ఆమె ఇంకా ఆ పొగే పీలుస్తోంది. ఇవాళే, ఈ క్షణమే, కదలండి.