వైల్డ్ పిచ్ ఎవరి ఖాతాలో

అమెరికాలోని ఫ్రిస్కోలో పిల్లల బేస్‌బాల్ మ్యాచ్‌కి ఫోన్‌లో స్కోరు వేస్తున్న హాసిని నాన్నకి పులిహోర డబ్బా అందించి, ఉష పక్కనే కుర్చీ వేసుకుంది.

"అన్నయ్యగారూ, వైల్డ్ పిచ్ అంటే ఏంటండీ?"

"క్యాచర్‌కి అందనంత అడ్డదిడ్డంగా వేసిన బాల్ అమ్మా. ఆ తప్పు బాల్ వేసే పిచర్ ఖాతాలో పడుతుంది."

"అంటే మా అమ్మాయి నైనిక ఖాతాలో. మరి అందే బాల్‌ని క్యాచర్ వదిలేస్తే?"

"అది పాస్‌డ్ బాల్. తప్పు క్యాచర్‌ది."

"క్యాచర్ మీ హాసినే కదా! ఎవరి తప్పో తేల్చేది మాత్రం మీరా?"

"అంత అనుమానం దేనికమ్మా? ఇదిగో, నువ్వే చూడు."

ఉష కళ్ళజోడు సర్దుకుని ఫోన్‌లోకి తొంగి చూసింది.

"అయ్యో, ఇందాకటిది కూడా పాస్‌డ్ బాల్ అనే వేశారే! అది మా నైనికే నేలకేసి కొట్టింది కదండీ?"

"పోనీలే, చిన్నపిల్ల."

"అన్నీ హాసిని మీదే వేస్తున్నారు. ఇలాగైతే కోచ్ తనని క్యాచర్‌గా ఉంచుతాడా?"

"ఉంచడు. పిచింగ్‌కి మార్చి చూద్దామంటున్నాడు."

"పిచింగ్‌కా? మరి మా నైనిక?"

ఆయన డబ్బా మూత తీయబోయాడు.

"ఉండండి అన్నయ్యగారూ, అందులో ఉప్పు మర్చిపోయినట్టున్నాను," అంటూ ఉష డబ్బా వెనక్కి తీసేసుకుంది.