ఏడు గడుల పుస్తకం

ఇబ్రహీంపట్నం బస్సు డిపో ఎదురుంగ నిఖత్ నోటుబుక్కుల దుకాణం. కౌంటర్ ముంగట సునంద. కండక్టర్ కొలువు అయిపోయి ఆర్నెల్లయింది. టికెట్ మిషన్ లేని చెయ్యి ఎక్కడ పెట్టుకోవాల్నో ఆమెకు ఇంకా తెల్వదు.

“గదే నిఖత్, ఏడు గడులది. పేజీకి ఒక్క వారం.”

“ఇంకా గది ఎందుకక్కా? డ్యూటీ లేదు, షిఫ్టు లేదు.”

“ఉంటే ఇయ్యి. ఊకె అడుగుతవేంది?”

“ఫోన్ల రాసుకోరాదు? అందరు గట్లనే రాసుకుంటున్నరు.”

“ఫోన్ల ఒక్క దినం కనబడ్తది, తక్కినయి ఎక్కడనో దాక్కుంటయి. గీ బుక్కు తెరిస్తే వారమంత ఒక్కపారే ముంగట వడ్తది. అసలు మీ దుకాణంల గిది మొదలైందే మా ఇంటికెల్లి, ఎరుకనా?”

“డిపోల డ్యూటీ చార్టు చూసి చేసిన అని మా అబ్బా చెప్పేటోడు.”

“చార్టు చూసి గీతలు కొట్టింది మా ఆయన. పెండ్లయిన కొత్తల, పాత కేలెండర్ చింపి, ఎనుక దిక్కు స్కేలు పెట్టి. ఆయన డ్రైవరు, తెల్లారకముందే డ్యూటీ. నాది మాపటి డ్యూటీ. నేను ఇల్లు చేరేసరికి పండుకునేటోడు, నేను లేచేసరికి బండెక్కేటోడు. గందుకే గడుల రాసిపెట్టుకునేటోళ్లం. అది చూసి మీ అబ్బా బుక్కు కుట్టిండు.”

“ఏం రాసేటోళ్లు?”

“ఏముంటది? ‘కూరల ఉప్పు తక్కువైంది, ఏసుకో.’ ‘బిడ్డకు జెరమొచ్చింది, గోలి ఇచ్చిన.’ ఆయన అక్షరం వంకరపోతే నిద్ర సాలలేదని తెల్సేది.”

“ఎన్నేండ్లు?”

“ఇరవై ఏడు.”

“ఇప్పుడైతే రత్నాకరన్న కూడ రిటైరైండు. ఇద్దరు ఇంట్లనే. మస్తు ముచ్చట్లుంటయి.”

“అవ్.”

“అవ్ అంటే?”

“ఉంటున్నం.”

“అక్కా...”

“ఆయన గా గదిల, నేను గీ గదిల. ఎదురుపడితే ‘తిన్నవా’ అంటడు. ‘తిన్న’ అంట. ఆ తర్వాత ఏమనాల్నో... నోట్లెకెల్లి రాదు నిఖత్. ఇద్దరం టీవీ దిక్కు చూస్తం. బందున్నా చూస్తం.”

“మరి?”

“బుక్కుల రాస్తం. నాలుగు దినాల కింద మోకాలు నొస్తున్నదని రాసిన. పక్క గదిలనే ఉన్నడు, అయినా రాసిన. పొద్దుగాల లేచి చూస్తే బుక్కు మీద మందు డబ్బ ఉన్నది.”

“పిలిచి ఇయ్యలే?”

“ఇయ్యలే. నేను పిలువలే. దాంతోని బుక్కు ఆఖరి పేజీ నిండింది. ఇగ రాసేటందుకు జాగ లేదు. మూడు దినాలైంది, ఇంట్ల సప్పుడే లేదు. జల్ది ఇయ్యి నిఖత్.”

“ఇయ్యనక్కా.”

“ఏంది, అయిపోయినయా?”

“ఉన్నయి. నిన్న అన్న వచ్చిండు. గీడనే, నువ్వు నిలబడ్డకాన్నే, మస్తుసేపు నిలబడ్డడు.”

“ఆయనే కొనుక్కపోయిండా?”

“లేదు. ‘సునంద వస్తే అయిపోయినయని చెప్పు బిడ్డా’ అన్నడు. ‘బుక్కు దొరకకపోతెనన్న నాతోని మాట్లాడ్తదేమో’ అన్నడు.”