పిడిలోని తుప్పు

జపాన్‌లోని ఒసాఫునె ఊళ్లో కత్తులకు సానపట్టే ముసలాయన, ఒకామె తెచ్చిన పాత కత్తికి పిడి ఊడదీసి ఉలిక్కిపడ్డాడు.

"పిడిలో ఉండే ఇనుము ఇలా తళతళలాడుతోందేంటమ్మా? తుప్పేదీ?"

"గరుకు కాగితంతో నేనే రుద్దేశానండీ."

"ఎంత పని చేశావమ్మా! బయటికి కనిపించే అలుగు మీది తుప్పైతే నేను వదిలించేవాణ్ణి. పిడిలోని నల్లతుప్పే కదా కత్తి వయసు చెప్పేది! చేసినవాడు అక్కడ చెక్కుకున్న పేరు కూడా అరిగిపోయింది."

"మళ్లీ రాదా?"

"నాలుగొందల ఏళ్లకి పట్టిన తుప్పు తల్లీ, ఎక్కణ్ణుంచి తేను?"

"అయితే ఇక ఎవరూ కొనరు. అంతేనా?"

"ముట్టుకోను కూడా ముట్టుకోరు. రేపు మీ అన్న షుంజో బేరగాణ్ణి వెంటేసుకొస్తాడే, ఏం చెప్పమంటావ్?"

"ఉన్నమాటే చెప్పండి. చెల్లెలికి బుద్ధి లేదని కూడా చెప్పండి. నాన్న కత్తి మాత్రం మా గడప దాటదు."