ఒకటి, రెండు, మూడు అనకుండా

సభకు అధ్యక్షత వహిస్తున్న మా పోలీసు శిక్షణ కళాశాల ప్రిన్సిపాల్ గారికి, మొదటి వరసలో కూర్చున్న పెద్దలకు, నా తోటి ఉద్యోగులకు, కుర్చీలు చాలక గోడకు ఆనుకుని నిలబడ్డ ఈ బ్యాచ్ పిల్లలకు, నేను ఏ పూట ఇంటికొస్తానో తెలియకుండానే ముప్పై నాలుగేళ్లు నాతో కాపురం చేసిన మా ఆవిడకు నమస్కారాలు. రేపటినుంచి అన్ని పూటలా ఇంట్లోనే ఉంటానని ఆవిడకు ఇప్పుడిప్పుడే అర్థమవుతున్నట్టుంది, ముఖం చూడండి. (నవ్వులు)

నాకన్నా ముందు మాట్లాడిన వాళ్లంతా కలిసి నన్ను మునగచెట్టు ఎక్కించారు. దాని కొమ్మలు ఎంత పెళుసో తెలిసినవాణ్ణి కనక ఎవరూ తోయకముందే నేనే మెల్లగా దిగుతాను. మనసు అదుపు తప్పి, భయంతో తలుపులేసుకున్న మనిషి ఇంటినుంచి ఫోనొస్తే పోలీసువాడు ఎలా వెళ్లాలి, ఎలా మాట్లాడాలి అని నేర్పే అయిదు రోజుల కోర్సు ఒకటి పదకొండేళ్లుగా ఇక్కడ నడుస్తోంది కదా, దాన్ని మొదలుపెట్టింది నేనేనని అందరూ అన్నారు. కాదండీ. మొదలుపెట్టింది మూడో వరసలో కిటికీ పక్కన బూడిదరంగు చొక్కా వేసుకుని కూర్చున్న టైలర్ గారు. లేవకండి మాస్టారూ, మీరు లేస్తే నేను మాట్లాడలేను.

ఈ కోర్సుకు ముందు, నేనింకా స్టేషన్లో పనిచేస్తున్న రోజుల్లో, ఆయన ఒకసారి వరసగా అయిదు రోజులు నిద్రపోలేదు. నీళ్లలో ఎవరో విషం కలిపారని నమ్మి, తన కొట్లోకి వెళ్లి షట్టర్ దించుకుని, గుడ్డలు కత్తిరించే కత్తెర పట్టుకుని కూర్చున్నారు. పక్క కొట్టువాళ్లు మాకు ఫోన్ చేశారు. నేను నలుగురిని వెంటేసుకుని, సైరన్ మోగించుకుంటూ, దొంగల ముఠాని పట్టుకోబోతున్నట్టు వెళ్లాను. షట్టర్ మీద లాఠీతో కొట్టాను. మూడు లెక్కపెడతాను, రాకపోతే విరగ్గొడతాను అన్నాను. మనవాళ్లకి తలుపు కనిపిస్తే లెక్కలు రావడం మామూలే కదా. ఒకటి అన్నాను, రెండు అన్నాను. మూడు అనేలోపే మావాళ్లు షట్టర్ లేపి ఆయన మీద పడ్డారు. ఆయన కుడి మణికట్టు విరిగింది. కత్తెర పట్టే చెయ్యి అది.

ఆయన ఆస్పత్రి నుంచి వచ్చాక క్షమాపణ చెప్పడానికి మూడుసార్లు వాళ్లింటికి వెళ్లాను. మూడుసార్లూ ఆయన భార్య గుమ్మంలోనుంచే పంపేశారు, ఆ తల్లి చేసింది తప్పని నేనెప్పుడూ అనుకోలేదు. నాలుగోసారి ఆయనే బయటికొచ్చి ఒక్కటే చెప్పారు. "మీరు ఒకటి అనేటప్పటికే కత్తెర కింద పెట్టేశానండీ. బయటికొద్దామనే, చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాను. ఇంకా రెండు మిగిలాయి."

ఇకమీదట జాగ్రత్తగా ఉంటానన్నాను. జాగ్రత్త అంటే ఏమిటో మీకు తెలియదు, నేను చూపిస్తాను అన్నారాయన. అదీ ఈ కోర్సు పుట్టుక.

ఈ కాలేజీ వెనక పాత స్టోరు గదికి షట్టర్ పెట్టించాం. లోపల ఆయన కూర్చుంటారు, బయట మన పిల్లలు. చేతిగడియారం తీసి జేబులో వేసుకోవాలి. నిలబడకూడదు, నేలమీద కూర్చోవాలి. ఒక్కరే మాట్లాడాలి, మిగతావాళ్లు నోరు కట్టేసుకోవాలి. చెప్పడం తేలికే, పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది? మొదటి బ్యాచ్‌లో ఒకాయన మూడు నిమిషాలు ఎంతో ముద్దుగా మాట్లాడి, నాలుగో నిమిషంలో అలవాటు కొద్దీ, ఇదివరకు కేసులేమైనా ఉన్నాయా అని అడిగేశాడు. ఒకటుంది, మీమీదే అన్నారు టైలర్ గారు లోపలినుంచి. (నవ్వులు) నవ్వుతున్నారు గానీ, ఆ అడిగినాయన ఇప్పుడు స్టేషన్ ఇన్‌చార్జి. మొన్నీమధ్య ఒక తల్లి తలుపేసుకుంటే వాకిట్లో రెండు గంటలు కూర్చున్నాడట. తలుపు ఆవిడే తీసిందట.

ఇప్పుడు ప్రిన్సిపాల్ గారి ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. మీరు వెళ్లాక కోర్సు సంగతేమిటని సార్ నన్ను మూడుసార్లు అడిగారు. చూద్దాం సార్, ఏం ఫర్వాలేదు అన్నాను. నెల కిందటే టైలర్ గారు టీ తాగుతూ, నేను వచ్చింది మీకోసం, పోలీసుల కోసం కాదు, మీరు మానేస్తే నేనూ మానేస్తాను అని చెప్పేశారు. ఆయన లేకపోతే ఆ షట్టర్ వెనక వట్టి గది మిగులుతుంది. ఆ మాట విన్నప్పటినుంచి నాకు అన్నం సహించలేదు. మా ఆవిడేమో రిటైర్మెంటు బెంగ అనుకుంది.

నిన్న ఆఖరి క్లాసు. ఇవాళ మీరు లోపల కూర్చోండి అన్నారు టైలర్ గారు. పదకొండేళ్లలో నేనెప్పుడూ లోపల కూర్చోలేదు. బయట మాట్లాడాల్సిన వంతు ఒక కొత్త కానిస్టేబుల్ పిల్లది. అయిదు రోజుల్లో అయిదు మాటలు మాట్లాడని, నోట్లో నాలుక లేని పిల్ల. ఏడిపిద్దామనుకున్నాను. షట్టర్ దించుకుని అరిచాను, రేకు మీద కొట్టాను, వెళ్లిపొమ్మన్నాను. ఆ పిల్ల, నేను బయట కూర్చున్నానండీ, నాకు తొందరేం లేదు అంది. నా అరుపులు తగ్గేదాకా ఆగి మెల్లగా అడిగింది, "లోపల ఉక్కగా ఉందాండీ?"

ఉక్కగానే ఉంది. అంతే, నాకేమైందో తెలియదు, నటన ఎక్కడికో పోయింది. పదకొండేళ్లుగా టైలర్ గారికి కూడా చెప్పని మాట ఆ చీకట్లో బయటపడింది. లెక్కపెట్టడం మా పద్ధతి అని ఆయనతో ఎప్పుడూ అంటుండేవాణ్ణి. పద్ధతి కాదు. వీధిలో జనం చూస్తున్నారు, ఒక దర్జీ నన్ను నిలబెట్టేశాడంటారని, నా పరువు కోసం లెక్కపెట్టాను. ఆ పిల్ల మధ్యలో అడ్డు రాలేదు, ఓదార్చలేదు, వింటున్నానండీ అని మాత్రం అంది. ఇరవై రెండు నిమిషాలయ్యాక షట్టర్ నేనే లేపాను.

ఆ పిల్ల పక్కనే నేలమీద టైలర్ గారు కూర్చుని ఉన్నారు. అంతా విన్నారు. ఆయన ముఖంలోకి చూడలేకపోయాను. ఆయన లేచి, చెయ్యి పట్టుకుని నన్ను గడప దాటించారు, విరిగి అతుక్కున్న ఆ చేత్తోనే. ఆ పిల్ల వైపు తిరిగారు.

"వచ్చే బ్యాచ్ సోమవారమేగా. నేనెన్నింటికి రావాలమ్మా?"

తొమ్మిదిన్నరకండీ అందా పిల్ల.

పదకొండేళ్లుగా ప్రతి బ్యాచ్‌కీ ఆ ప్రశ్న నన్నే అడిగేవారు. నిన్న నన్ను అడగలేదు. ప్రిన్సిపాల్ గారూ, మీరు మూడుసార్లు అడిగినదానికి నా జవాబు ఇదే సార్. నన్ను భరించిన మీ అందరికీ, నన్ను గుమ్మం బయట నిలబెట్టిన ఆ తల్లికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. ఇక సంతోషంగా సెలవు.